బోర్లా ఎగిరే బండి: ఫ్లయింగ్ రోలర్ కోస్టర్ రూపకల్పన, నిన్నా రేపూ

ఈత నేర్పే తండ్రి పిల్లవాడి పొట్ట కింద అరచెయ్యి పెట్టి నీళ్ల మీద బోర్లా పట్టుకుంటాడు. ఫ్లయింగ్ రోలర్ కోస్టర్‌లో యంత్రం చేసే పని ఇంచుమించు అదే. కాకపోతే ఇక్కడ నీళ్లుండవు, చెయ్యి ఉక్కుది, వేగం గంటకు 70 నుంచి 100 కిలోమీటర్లు.

పట్టాల కింద వేలాడే రైలులో మనిషి నేలకు ముఖం పెట్టి, ఒళ్లు సాచి, పక్షిలా ప్రయాణించే రోలర్ కోస్టర్‌ను ఫ్లయింగ్ కోస్టర్ అంటారు. దీని దగ్గర చుట్టాలు రెండున్నాయి. ఇన్‌వర్టెడ్ కోస్టర్‌లో కూడా రైలు పట్టాల కిందే ఉంటుంది గానీ మనిషి కుర్చీలో కూర్చుని కాళ్లు వేలాడేస్తాడు. వింగ్ కోస్టర్‌లో సీట్లు పట్టాలకు అటూ ఇటూ రెక్కల్లా చాచి ఉంటాయి, కిందా పైనా ఖాళీ. రెండింటిలోనూ మనిషి కూర్చునే ఉంటాడు. ఫ్లయింగ్ కోస్టర్ ప్రత్యేకత అంతా మనిషిని బోర్లా తిప్పడంలోనే ఉంది, దాని కష్టాలన్నీ కూడా అక్కడి నుంచే వచ్చాయి. ఈ రకం భవిష్యత్తు గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా ఎత్తూ వేగమూ లెక్కపెడతారు. నిజానికి చూడవలసింది సీటునూ, ఆ సీటు ఎక్కే వేదికనూ.

మొదటి ప్రయత్నాలు

ఈ రకంలో మొదటిదిగా పేరుపడినది ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో, గ్రనాడా స్టూడియోస్ టూర్ అనే పార్కులో 1997లో నడిచిన స్కైట్రాక్. బండికి ఒక్కరే. ఎగిరిన అనుభూతి ఎలా ఉన్నా, గంటకు 240 మందిని మించి తిప్పలేని యంత్రం పార్కు నడిపేవాళ్లకు బరువే. మరుసటి ఏడాదే అది మూతపడింది.

ఆ తరవాత రంగంలోకి దిగినది నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా. 2000లో కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో, గ్రేట్ అమెరికా పార్కులో స్టెల్త్ అనే కోస్టర్ కట్టింది. ఎత్తు 35 మీటర్లు, పొడవు 843 మీటర్లు, వేగం గంటకు సుమారు 82 కిలోమీటర్లు, ఒక రైలులో 24 మంది. ఈ నమూనాకు పెట్టిన పేరు ఫ్లయింగ్ డచ్‌మన్. మనిషిని బోర్లా ఎలా తిప్పాలన్న ప్రశ్నకు వెకోమా ఇంజనీర్లు చెప్పిన జవాబు తెలివైనది, ఆ తెలివే దాని కొంప కూడా ముంచింది. ప్రయాణికులు రైలు వెళ్లే దిశకు వీపు పెట్టి కూర్చుంటారు. స్టేషన్‌లోనే సీట్లు వెనక్కి వాలి అందరినీ వెల్లకిలా పడుకోబెడతాయి. గొలుసు రైలును పైకి లాగుతుంటే ప్రయాణికుడికి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. శిఖరం దాటాక పట్టా మెలి తిరుగుతుంది, రైలు పట్టా కిందికి పోతుంది, అంతవరకూ మేఘాలు చూస్తున్నవాడు ఒక్కసారిగా నేల వైపు వేలాడతాడు. స్టేషన్‌కు వచ్చే ముందు మళ్లీ మెలి తిరిగి వెల్లకిలా అవుతాడు.

చూడ్డానికి గొప్ప నాటకీయత ఉన్న పద్ధతే. అయితే రోజుకు వందల సార్లు లేచి వాలే సీట్లూ, ఒంటికి నాలుగు చోట్ల పట్టే బిగింపులూ, అన్నీ మూసుకున్నాయని చెప్పే మీటలూ ఏ ఒక్కటి మొరాయించినా రైలు కదలదు. ఇలాంటివి ప్రపంచంలో మూడే వచ్చాయి. 2001లో వెకోమా దివాలా తీసింది, తరవాత నిలదొక్కుకుంది. స్టెల్త్ నార్త్ కరోలినా సరిహద్దులోని కారోవిండ్స్ పార్కుకు తరలి 2004లో బోర్గ్ అసిమిలేటర్‌గా, తరవాత నైట్‌హాక్‌గా పేర్లు మార్చుకుంది. రెండోది, ఒహాయోలో 2001లో ఎక్స్-ఫ్లైట్‌గా పుట్టినది, కింగ్స్ ఐలండ్ పార్కుకు చేరి ఫైర్‌హాక్‌గా 2018 దాకా నడిచింది. మూడోది మేరీలాండ్‌లోని బ్యాట్‌వింగ్. గబ్బిలం రెక్క అని దాని పేరుకు అర్థం, ఆ భంగిమకు అంతకంటే తగిన పేరు దొరకదు. 2025లో సిక్స్ ఫ్లాగ్స్ అమెరికా పార్కు మూతపడడంతో దాని కథా ముగిసింది. నైట్‌హాక్‌నూ అప్పటికే తీసేశారు. తొలి తరం మొత్తం పాతికేళ్లలో తుడిచిపెట్టుకుపోయింది.

స్విట్జర్లాండ్ జవాబు

ఈ రకానికి నిలకడైన రూపం ఇచ్చినవారు వాల్టర్ బోలిగర్, క్లాడ్ మాబియార్. ఇద్దరూ 1988లో స్విట్జర్లాండ్‌లోని మోంతేలో పెట్టిన సంస్థను అందరూ బి అండ్ ఎం అంటారు. వీళ్ల మొదటి ఫ్లయింగ్ కోస్టర్ ఎయిర్, 2002 మార్చిలో ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో మొదలైంది. పార్కు తరఫున దాన్ని ఊహించినవాడు జాన్ వార్డ్లీ. అక్కడ చెట్ల కొనలు దాటి ఏదీ కట్టకూడదన్న నిబంధన ఉంది. అందుకే దాని ఎత్తు 20 మీటర్లే, పొడవు 840 మీటర్లు, వేగం 75 కిలోమీటర్లు. ఎగరడమంటే ఎత్తు కాదు, నేలకు దగ్గరగా పోవడమని ఆ నిబంధన పుణ్యాన మొదట్లోనే తెలిసొచ్చింది.

ఇక్కడ వెల్లకిలా బోర్లా నాటకం లేదు. ప్రయాణికుడు ముందుకే చూస్తూ ఇన్‌వర్టెడ్ కోస్టర్‌లో లాగా వేలాడే కుర్చీలో కూర్చుంటాడు. భుజాల మీదుగా ఛాతీని కప్పే మెత్తటి చొక్కా లాంటి కవచం, చీలమండల దగ్గర కాళ్లను పట్టే రెక్కలు. అన్నీ బిగిశాక స్టేషన్‌లోని యంత్రం సీట్ల వరుసను వెనక నుంచి పైకి లేపి పట్టాకు సమాంతరంగా చేరుస్తుంది. అంతే, మనిషి బోర్లా. మెలి తిప్పే పని రైలు ఒంటి మీద కాక చాలావరకు స్టేషన్ నేల మీదే జరుగుతుంది. కదిలే భాగాలు తక్కువైతే చెడేవీ తక్కువే. ఈ ఒక్క సంగతి వల్ల బి అండ్ ఎం నమూనా బతికింది.

అదే 2002లో జార్జియాలో, మరుసటి ఏడాది ఇల్లినాయ్‌లోనూ న్యూజెర్సీలోనూ సూపర్‌మ్యాన్ అల్టిమేట్ ఫ్లైట్ పేరుతో మూడు వచ్చాయి. (న్యూజెర్సీది జాక్సన్ ఊళ్లో, ఎడిసన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు కారులో గంట లోపు దూరం.) ఎగిరే వీరుడి పేరు పెట్టడం సులువైన ఎత్తుగడే అయినా బాగా అతికింది. అక్కడి నుంచి ఈ రకానికి పెట్టే వేషాలన్నీ ఎగిరేవో ఈదేవో అయ్యాయి. కాలిఫోర్నియాలో 2006 నాటి తత్సు అంటే జపాన్ భాషలో డ్రాగన్. 2009లో ఫ్లోరిడాలోని ఒర్లాండో సీవరల్డ్‌లో వచ్చిన మాంటా సముద్రపు టేకు చేప రూపంలో ఉంటుంది. రైలు నీటిని ఒరుసుకుపోయేచోట రెక్క కొన నీళ్లను చీల్చినట్టు చిమ్ముడు లేస్తుంది. జపాన్‌లోని ఒసాకాలో యూనివర్సల్ స్టూడియోస్‌లో 2016 మార్చిలో తెరిచిన ఫ్లయింగ్ డైనోసార్‌లో అయితే ఎగిరే రాక్షసబల్లి వీపు పట్టుకుని మనిషిని ఎత్తుకుపోతుందన్నది కథ. బిగింపులకు ఇంతకంటే తెలివైన సాకు మరొకటి రాలేదనిపిస్తుంది. దాని పొడవు 1,124 మీటర్లు.

ఒంటి లెక్కలు

మామూలు కోస్టర్‌లో లోయ అడుగున బరువు తల నుంచి కాళ్ల వైపు పడుతుంది. కుర్చీ ఆ బరువు మోస్తుంది. నెత్తురు తల నుంచి దిగితే కాసేపు కళ్లు మసకబారవచ్చు, అందుకే ఆ దిశలో హద్దులున్నాయి. బోర్లా ఉన్నవాడికి ఈ లెక్కంతా తిరగబడుతుంది. పట్టా కింద వేలాడుతూ లోయ అడుగుకు వస్తే బరువు వీపు నుంచి ఛాతీ వైపు పడుతుంది. దాన్ని మోయవలసింది కుర్చీ కాదు, ఛాతీ మీది కవచం. పక్కటెముకలు నొక్కుకుంటాయి, ముఖంలోకి నెత్తురు పోటెత్తుతుంది. ఎవరికీ నచ్చని బరువు ఇది.

శిఖరం దాటేటప్పుడు ఇంకో చిక్కు. కూర్చునే కోస్టర్లలో గట్టు దాటగానే మనిషి సీటు నుంచి పైకి లేస్తాడు, కోస్టర్ అభిమానులు పడిచచ్చే ఆ క్షణాన్ని ఎయిర్‌టైమ్ అంటారు. బోర్లా ఉన్నవాడి వీపు మీద సీటు ఉంటుంది. పైకి లేవబోతే వీపు సీటుకు ఆనుతుంది, తేలిన జాడే తెలియదు. అంటే రోలర్ కోస్టర్ కళలో సగం ఆయుధాలు ఇక్కడ పనికిరావు. మిగిలేవి పొడవాటి వాలు మలుపులు, అడ్డంగా దొర్లే పల్టీలు, నేలను తాకబోయినట్టు దూసుకుపోవడం. ఇంకొకటి కూడా ఉంది, అదే ప్రెట్జెల్ లూప్.

ప్రెట్జెల్ జర్మనీలో మెలివేసి కాల్చే రొట్టె, మన చేగోడీకీ జంతికకూ దూరపు బంధువు. లూప్‌ను పక్క నుంచి చూస్తే ఆ ఆకారం కనిపిస్తుందని ఆ పేరు. మామూలు లూప్ కింద మొదలై పైకెళ్లి దిగుతుంది. ఇది పైన మొదలవుతుంది. రైలు తలకిందులుగా నేల వైపు దూకుతుంది, అడుగుకు చేరేసరికి మనిషి వెల్లకిలా ఉంటాడు, మళ్లీ పైకి లేచి బోర్లా అవుతాడు. వేగం ఎక్కువగా ఉండే అడుగు భాగంలో బరువు ఛాతీ నుంచి వీపు వైపు, అంటే సీటు వైపు పడుతుంది. మనిషి ఒళ్లు బాగా ఓర్చుకోగల దిశ అదే. వ్యోమగాములు రాకెట్‌లో వెల్లకిలా పడుకునేదీ అందుకే. జార్జియా సూపర్‌మ్యాన్‌లో మొదట వచ్చిన ఈ లూప్ తత్సులో 38 మీటర్ల ఎత్తుకు పెరిగింది. గొప్ప సంగతేమిటంటే, ఫ్లయింగ్ కోస్టర్ అనుభవంలో శిఖరంగా చెప్పుకునే ఈ ఘట్టంలో మనిషి ఎగరడం లేదు. వెన్ను కింద పెట్టి పడుకున్నాడు. బోర్లా భంగిమ తనంతట తాను పెద్ద బరువులు మోయలేదని ఒప్పుకోవడమే ఇది.

అమెరికా, ఐరోపా భద్రతా ప్రమాణాలు రెండూ బరువు హద్దుల్ని ఒక్కో దిశకు, ఒక్కో వ్యవధికి విడివిడిగా చెబుతాయి. రేపటి ఫ్లయింగ్ కోస్టర్ ఎంత ఎత్తుకు ఎదగగలదో తేల్చేది ఉక్కు కాదు, ఈ పట్టికల్లోని వీపు-ఛాతీ గడి. సౌదీ అరేబియాలోని కిద్దియాలో కట్టిన ఫాల్కన్స్ ఫ్లైట్ 195 మీటర్ల ఎత్తు, గంటకు 250 కిలోమీటర్ల వేగం కోసం రూపొందినది. పేరులో ఎగరడం ఉన్నా అందులో జనం కూర్చునే వెళతారు. అంత వేగంతో లోయ దాటుతుంటే ఛాతీ మీద వేలాడమంటే ఒప్పుకునే ఇంజనీరు ఉండడు. తత్సు ఎత్తు 52 మీటర్లు. ఈ రకంలో ఎత్తు పందెం అక్కడికక్కడే ఆగిపోవడం తప్పేమీ కాదు.

వేదిక మీది గడియారం

పార్కు యజమాని చూసే లెక్క వేరు. రైలుకు 32 మంది అనుకుందాం. 80 సెకన్లకొక రైలు కదిలితే గంటకు 45 రైళ్లు, 1,440 మంది. చొక్కా బిగించి, చీలమండలు మూసి, ఒకటికి రెండుసార్లు లాగి చూసి, సీట్లు పైకి లేపేసరికి మూడు నిమిషాలు పడితే గంటకు 20 రైళ్లే, 640 మంది. ఎండలో నిలబడ్డ వరుస రెట్టింపు కంటే ఎక్కువవుతుంది. ఇంకో చెడు ఏమిటంటే, ముందు రైలు కదలకపోతే వెనక రైలు స్టేషన్ బయట బ్రేకుల దగ్గర ఆగాలి. కూర్చునే కోస్టర్‌లో అదొక విరామం, కబుర్లు చెప్పుకోవచ్చు. ఇక్కడ జనం బోర్లా వేలాడుతూ కింద గచ్చు చూస్తూ ఎదురుచూడాలి. రెండు నిమిషాలకే ఎగిరిన సంతోషం దిగిపోతుంది.

దీనికి బి అండ్ ఎం వాడిన మందు జంట స్టేషన్లు. పట్టా రెండుగా చీలి రెండు వేదికలకు పోతుంది, ఒకచోట ఎక్కుతుంటే మరోచోట దిగుతారు. ఎయిర్, తత్సు, మాంటాలకు ఇది ఉంది. పనిచేస్తుంది గానీ ఖర్చుతో కూడిన పని: రెండు వేదికలు, రెండు జట్ల సిబ్బంది, పట్టా మార్చే యంత్రాలు. చిన్న పార్కులు ఈ రకం వైపు చూడకపోవడానికి కారణం ఇదే. వాటికోసం ఇటలీ సంస్థ జాంపెర్లా వొలారే అనే పొట్టి నమూనా చేసింది. చిన్న స్థలం, తిరిగే మరలా పైకెత్తే మెట్ట, పంజరం లాంటి బండికి నలుగురు. చవక, అంతకుమించి చెప్పుకోదగ్గది లేదు. ఎక్కినవాళ్లు ఎక్కువగా తలచుకునేది మోకాళ్లకూ భుజాలకూ తగిలిన దెబ్బల్నే.

2011లో ఇటలీలోని గార్దాలాండ్‌లో బి అండ్ ఎం తన మొదటి వింగ్ కోస్టర్ రాప్టర్‌ను తెరిచినప్పుడు ఫ్లయింగ్ కోస్టర్‌కు సొంత ఇంట్లోనే పోటీ పుట్టింది. గాలిలో తేలిన భావనలో చాలా భాగం, ఎక్కించే బాధలో అతి కొంచెం. మరుసటి ఏళ్లలో పార్కులు వింగ్ కోస్టర్ల వైపు మొగ్గాయి. ఫ్లయింగ్ రకం చైనా, జపాన్‌ల వైపు జరిగింది. జపాన్‌లోని నాగషిమా స్పా ల్యాండ్‌లో 2015లో వచ్చిన అక్రోబాట్ మాంటాకు దాదాపు ప్రతిబింబం. పాత నక్షానే మళ్లీ కట్టారంటే ఆ రకంలో కొత్త ఆలోచన తగ్గిందనే అర్థం.

బ్రూల్‌లో తిరిగిన మలుపు

రేపటి నమూనా ఎలా ఉండవచ్చో చూపినది 2020 సెప్టెంబర్‌లో జర్మనీలోని బ్రూల్ పట్టణంలో, ఫాంటాసియాలాండ్ పార్కులో తెరుచుకున్న ఫ్లై. కట్టినది వెకోమాయే. రెండు దశాబ్దాల కిందట చేతులు కాల్చుకున్న సంస్థ మళ్లీ అదే పొయ్యి దగ్గరికి వచ్చింది. అప్పటికి అది జపాన్‌కు చెందిన సాన్సే టెక్నాలజీస్ చేతిలో ఉంది, 2018లో కొన్నది.

ఫ్లై పొడవు 1,236 మీటర్లు, ఈ రకంలో అన్నిటికంటే పొడవు. వేగం 78 కిలోమీటర్లే. గొలుసు మెట్ట లేదు. అయస్కాంత మోటార్లు దారిలో రెండుచోట్ల రైలును తోస్తాయి. తోపుతో నడిచే ఫ్లయింగ్ కోస్టర్ ప్రపంచంలో ఇదే మొదటిది. అయితే అసలు కొత్తదనం స్టేషన్‌లో ఉంది. జనం మామూలుగా కూర్చుంటారు, రైలు కదిలిపోతుంది. బోర్లా తిప్పే పని తరవాత, చీకటి గదుల గుండా మెల్లగా వెళుతుండగా జరుగుతుంది. మనిషికి తాను ఎప్పుడు తిరిగాడో సరిగ్గా తెలియదు, మొదటి తోపు తగిలేసరికి ఎగురుతుంటాడు. స్టెల్త్ కాలంలో సీట్లు తిప్పడానికి వేదిక గడియారాన్ని తినేసిన సమయం ఇప్పుడు ప్రయాణంలో భాగమైంది. కథ చెప్పే సమయంగా కూడా మారింది. ఒకే పనిని వేదిక మీద నుంచి దారిలోకి జరపడం చిన్న మార్పులా కనిపిస్తుంది. ఈ రకం చరిత్రలో ప్రెట్జెల్ లూప్ కంటే ఇదే పెద్ద ఆవిష్కరణ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

రెండో పాఠం స్థలం గురించి. ఫ్లై పట్టా ఆవిరియంత్రాల కాలపు ఊరిలా కట్టిన రూక్‌బర్గ్ వీధుల మీదుగా, హోటల్ గదుల మధ్యగా అల్లుకుపోతుంది. ఆ హోటల్‌కు అట్లాంటిక్ దాటిన వైమానికుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పేరు పెట్టారు. ఖాళీ మైదానం మీద 100 కిలోమీటర్ల వేగం ఎగిరినట్టు అనిపించదు, బోర్లా ఉన్నవాడికి కనిపించేది కింద గడ్డే కదా. ఇటుక గోడలు, వంతెనలు, తలలెత్తి చూసే జనం చేతికందేంత దూరంలో పోతుంటే 78 చాలు. అయితే దీనికి స్థలాన్నీ పట్టానూ ఒకేసారి గీయాలి. పట్టా వేశాక చుట్టూ తోట పెంచే పాత పద్ధతి కుదరదు. తిరిగే శరీరపు కేంద్రం పట్టాకు ఎంత కిందుగా ఉందో, చాచిన చేయి ఎంతవరకు వస్తుందో కంప్యూటర్‌లో ముందే గొట్టంలా గీసి, ఆ గొట్టాన్ని తాకకుండా గోడలు కట్టాలి. ప్రయాణికుడి గుండె ఎత్తులో ఊహించుకునే గీత చుట్టూ పట్టాను మెలితిప్పే పద్ధతిని జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ దశాబ్దాల కిందటే స్థిరపరిచాడు. దాన్ని వాస్తుశిల్పితో కలిసి ఇంత దగ్గరగా వాడడమే కొత్త.

కళ్లద్దాలతో ఈ పని అవుతుందని నమ్మినవాళ్లూ ఉన్నారు. 2016లో ఆల్టన్ టవర్స్ ఎయిర్‌కు గెలాక్టికా అని పేరు మార్చి, వర్చువల్ రియాలిటీ కళ్లద్దాలు తగిలించి అంతరిక్ష యాత్రగా అమ్మింది. ఎక్కించడమే సమస్యగా ఉన్న బండికి ఇంకో వస్తువు తొడిగే పని, తుడిచే పని తోడయ్యాయి. కొన్నేళ్లకే కళ్లద్దాలు తీసేశారు, గెలాక్టికా మాత్రం మిగిలింది. కింద నిజంగా నేల ఉన్నప్పుడు బొమ్మ నేల చూపడం ఎందుకన్న ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

దించే సంగతి

తయారీదారుల రంగురంగుల పుస్తకాల్లో కనిపించని అంశం మరొకటుంది, అది రైలు దారిలో ఆగిపోతే మనుషుల్ని ఎలా దించాలన్నది. కూర్చున్నవాడి బిగింపు విప్పితే కాలు కింద పెడతాడు. బోర్లా వేలాడేవాడి బిగింపు విప్పితే పడిపోతాడు. అందుకే రైలు ఆగగలిగే ప్రతి చోటా కింద వేదిక ఉండాలి, లేదా సీటును అక్కడే నిలువుగా దించే ఏర్పాటు ఉండాలి. తోపు మోటార్లు వచ్చాక ఈ లెక్క మారుతోంది. గొలుసు మెట్ట మీద ఆగిన రైలు ఆకాశంలో నిలిచిపోతుంది. తోపు చాలని రైలు మాత్రం వెనక్కి జారి మోటార్లున్న సమతలానికే వస్తుంది, అది నేలకు దగ్గర. ఫ్లయింగ్ కోస్టర్‌లో తోపు వాడడానికి వేగం కంటే ఇదే బలమైన కారణం కాగలదు.

నిలబడి ఎక్కే కోస్టర్ల కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బి అండ్ ఎం సంస్థ సొంతంగా కట్టిన తొలి కోస్టర్, 1990 నాటి ఐరన్ వుల్ఫ్, ఆ రకమే. కాళ్ల మీద బరువు, మెడకు దెబ్బలు, పొడుగూ పొట్టీ అందరికీ సరిపోని సీటు అంటూ జనం విసిగిపోయారు. ఒహాయో సీడర్ పాయింట్‌లో మాంటిస్ అనే నిలుచునే కోస్టర్ పట్టాను అలాగే ఉంచి, కూర్చునే రైళ్లు పెట్టి 2015లో రూగరూ చేశారు. రకం చచ్చిపోయిందనుకున్నారు. 2023లో ఒర్లాండో సీవరల్డ్‌లో అదే సంస్థ పైప్‌లైన్ తెరిచింది. మనిషి మళ్లీ నిలబడే ఉన్నాడు, అయితే సీటు ఒంటితో పాటు పైకీ కిందికీ ఆడుతుంది, మోకాళ్లు వంగుతాయి, అల మీద పలక తొక్కినట్టు ఉంటుంది. గట్టు దాటితే తేలిన సుఖం తెలుస్తుంది.

చచ్చిందనుకున్న ఆ రకాన్ని కొత్త సీటు బతికించినట్టే ఫ్లయింగ్ కోస్టర్‌నూ సీటు మార్చి చూడవచ్చు. తత్సుకు, సూపర్‌మ్యాన్‌లకు ఇరవై ఏళ్లు దాటాయి. వాటి పట్టాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి, వయసు మీరేది రైళ్లకే. వీపుకు అంటుకుని ఉండే సీటుకు, పొట్ట కింద ఉండే కవచానికి మధ్య ఒక చేతివెడల్పు ఆట ఇస్తే బోర్లా ఉన్నవాడికి కూడా గట్టు మీద తేలిక తెలుస్తుందా, లోయలో ఛాతీ మీద పడే బరువు మెత్తబడుతుందా అన్నది ఇంకా ఎవరూ కట్టి చూపలేదు. పాత పట్టా మీద కొత్త రైలుతో చేసి చూడదగ్గ ప్రయోగమది.